టైలర్ బావ నడుం చుట్టూ కోత

టైలర్ బావ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే మా గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. అతనికి ఉన్నది ఒక్కడే బావమరిది అయినా, వీధి మొత్తానికీ అతను బావే. ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉంది. అసలు బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు. నోరు కట్టుకుని, నడిచి నడిచి, సగానికి సగం తగ్గాడు గానీ చర్మం మాత్రం పాత కొలతల్లోనే ఉండిపోయింది. నడుం చుట్టూ మడతలు, మడతల కింద ఒరుపు, పొక్కులు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఆపరేషను. ముందు వైపు మాత్రమే కోయించుకుంటాడో, నడుం చుట్టూ కోయించుకుంటాడో తేల్చుకుని రమ్మన్నారు. గ్లాసు పట్టుకున్నాడే గానీ టీ తాగడం లేదు పాపం.

"బావా, పోయినేడు నీకూ ఇదే ఆపరేషను అయిందన్నావు కదా. ఏది మంచిదో కాస్త చెప్పు" అన్నాడు.

బావ గొంతు సవరించుకున్నాడు. మేం గ్లాసులు కింద పెట్టేశాం.

"అడగాల్సినవాణ్ణే అడిగావురా. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, అది ఇక్కడ అందరికీ తెలుసు. ఏదో మామూలుగా వెళ్ళాను, మామూలుగా చేయించుకున్నాను, నడుచుకుంటూ వచ్చేశాను. అంతే. కాకపోతే అప్పట్లో నా చర్మం నీ చర్మంలా చెప్పిన మాట వినే రకం కాదు. నేను మిషను ముందు కూర్చున్నాక అది తీరిగ్గా వచ్చి కూర్చునేది. నేను పక్కకి తిరిగితే, కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగేది. ఓసారి కత్తెర కనపడక దుకాణమంతా వెతికాను, మీ అక్కని అనుమానించాను, పక్క కొట్టువాడితో గొడవ కూడా పెట్టుకున్నాను. చివరికి స్నానం చేస్తుంటే రెండో మడతలోంచి కత్తెర, టేపు, మీ అక్క పోయిందని ఏడ్చిన చెవి దిద్దు, అన్నీ టపటపా రాలాయి."

"దిద్దు దొరికినట్టు అక్కకి చెప్పావా?" అన్నాడు బావమరిది.

"మధ్యలో అడ్డు రాకు. ఇంకో రోజు సైకిలు మీద వంతెన దిగుతున్నాను, ఎదురుగాలి. చొక్కా గుండీలు ఊడాయి, చర్మం తెరచాపలా విచ్చుకుంది, నేనూ సైకిలూ కలిసి లేచాం. కింద జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. నేను బెల్లు కొట్టుకుంటూ పోతున్నాను, పైన పక్షులుంటాయి కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిగడం దిగడం సరాసరి ఆసుపత్రి మేడ మీద. పైనుంచి వచ్చిన పేషెంటుని కదా అని నన్ను వరసలో కూడా నిలబెట్టలేదు."

"మరి సైకిలు?" అంది కొట్టు నడిపే టీ అక్క, పాలు కలబెడుతూ.

"మేడ మీదే స్టాండేశాను. ఇంకెక్కడ పెడతాను? సరే, డాక్టరమ్మ నన్ను చూసి తనే లేచి కుర్చీ వేసింది. 'ఇందులో మూడు రకాలున్నాయండీ, మీరు ఎలా సెలవిస్తే అలా' అంది. శ్రద్ధగా విను, నీకు పనికొస్తుంది. మొదటిది, బొడ్డు కింద వేలాడే భాగం కత్తిరించడం. అంతవరకే. లోపలి కండరాల జోలికి పోరు, బొడ్డు జోలికి పోరు. మన భాషలో చెప్పాలంటే ప్యాంటు పొడుగైతే అంచు కోసి మడవడం లాంటిది. ఒరుపులూ పొక్కులూ పోతాయి గానీ నడుం ఆకారం రాదు. రెండోది, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, లోపల సాగిపోయిన కండరాల్ని దగ్గరికి లాగి కుట్టి, పైచర్మం కిందికి దించి, బొడ్డుకి కొత్తగా కాజా తీయడం. ముందు వైపు పలకలా అవుతుంది, వెనక మాత్రం ఎక్కడిదక్కడే. మూడోది నడుం చుట్టూ కోత, బెల్టు పెట్టుకున్నట్టు. ముందూ పక్కలూ వెనకా, పిరుదులతో సహా అన్నీ పైకి లేస్తాయి. కానీ మనిషిని మధ్యలో బల్ల మీద తిరగేయాలి, గాయం పెద్దది, మానడానికీ టైం పడుతుంది. ఉత్త కొవ్వు పీల్చేసే మిషను కూడా ఒకటుంది గానీ అది మనలాంటివాళ్ళకి దండగ. దిండులో దూది తీసేస్తే గలీబు ఎక్కడికి పోతుంది?"

ఇంతవరకూ నిజమే కాబోలు. పొద్దున డాక్టరమ్మ కూడా అచ్చం ఇలాగే చెప్పిందని బావమరిది తల ఊపాడు. "మరి నువ్వు ఏది చేయించుకున్నావు?" అన్నాడు.

"నేనా? మూడూ. వరసగా. పీసు చూడకుండా ఆర్డరిచ్చేవాణ్ణా నేను? ముందు మొదటిది చేశారు. తేలిగ్గా, హాయిగా ఉంది. కానీ కింద ఖాళీ అయిందని తెలియగానే, బస్సులో సీటు ఖాళీ అయితే జనం తోసుకొచ్చినట్టు, పైనున్న చర్మమంతా జారి వచ్చి కూర్చుంది. సరే, రెండోది కానివ్వండన్నాను. కండరాలు బిగించారు. ఎంత బిగించారంటే, తుమ్మితే బొడ్డు ఈలేసేది. నేను తుమ్మితే చాలు, వీధిలో ఆటోలన్నీ పక్కకి జరిగేవి. పైగా ఆ కొత్త బొడ్డు కాస్త ఎత్తున పెట్టారేమో, చొక్కా మూడో గుండీ సరిగ్గా అందులోకే దిగేది. కాజా కుట్టే పని తప్పింది."

"మంచి ఆదా" అంది టీ అక్క.

"ఇక మూడోది. చుట్టూ కోత. అటు కొందరు, ఇటు కొందరు పట్టుకుని లాగారు. కింద నుంచి పైకి లాగితే మోకాళ్ళు తొడల దాకా వచ్చేశాయి. అలా కాదని పైనుంచి కిందికి లాగితే కనుబొమ్మలు మూతి మీదకి దిగాయి. చివరికి ఎక్కడో ఒకచోట ఆపి కుట్టేశారు. అబ్బ, ఏం బిగువు. లేస్తే కళ్ళు మూసుకుపోయేవి, కూర్చుంటే నోరు తెరుచుకునేది."

"అది ఇంకా నయం కాలేదన్నమాట" అంది టీ అక్క. మేం నవ్వాం. బావమరిది మాత్రం నవ్వలేదు.

"నవ్వండి, నవ్వండి. అసలా కుట్టు ఎవరు వేశారో తెలుసా? నేనే. సగంలో డాక్టరమ్మకి చెయ్యి నొప్పెట్టింది. నేను మత్తులోనే లేచి కూర్చుని, సూది ఇటివ్వండన్నాను. ముందు వైపు చూసి కుట్టాను, వెనక వైపు అద్దంలో చూసి కుట్టాను. లోపల రెండు వేళ్ళ మడత కూడా వదిలాను, రేపు మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. ఉన్న గుడ్డంతా కోసి పారేసేవాడు టైలరే కాదురా. అది చూసి డాక్టరమ్మ అక్కడికక్కడే నాకు దండం పెట్టింది."

మాట్లాడుతున్నంతసేపూ అతని ఎడమ చెయ్యి వదులు చొక్కా మీంచి పొట్టని అదిమి పట్టుకునే ఉంది. చినుకులు మొదలయ్యాయి. టీ అక్క లేచి పట్టా ముందుకు లాగి కట్టింది.

"కోసిన చర్మం ఏం చేశారు బావా?" అన్నాడు బావమరిది.

"అలా అడుగు. ముందు అంబులెన్సుకి కవరు కుట్టారు. మిగిలింది. పేషెంట్లందరికీ గొడుగులు కుట్టారు. ఇంకా మిగిలింది. ఆఖరికి ఆసుపత్రి వెనక రేకులు కారుతున్నాయని, ఆ కప్పు మొత్తం పరిచి మేకులు కొట్టేశారు. ఆ తర్వాత ఒక్క చుక్క కారితే ఒట్టు. కానీ ఎంతైనా సొంత చర్మం, పాశం ఎక్కడికి పోతుంది? కాకి వాలితే ఇక్కడ నాకు దురద. చలి వేస్తే ఆ కప్పుకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి, పావురాలు కాళ్ళు మోపలేక ఎగిరిపోతాయి. అక్కడ ఒక్క చినుకు పడిందా, ఇక్కడ నేను ఏ పనిలో ఉన్నా సరే, చక్కిలిగింత. ఆపుకోవడం నా తరం కాదు."

టీ అక్క సందు చివర కనపడే ఆసుపత్రి కప్పు కేసి చూసింది. వాన అప్పటికి దంచి కొడుతోంది.

"ఇందాకట్నుంచీ పడుతోంది బావా. నీ చక్కిలిగింతేదీ?" అంది.

బావ కూడా ఆ కప్పు కేసి ఓసారి చూశాడు. తర్వాత భుజాలు ఎగరేస్తూ కిచకిచమని నవ్వడం మొదలెట్టాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

"ఈ మధ్య ఆ కప్పుకి రంగేశారు. స్పర్శ తగ్గింది" అన్నాడు. టైలర్ కదా, ఎక్కడ చిరిగినా అతుకు చేతిలోనే ఉంటుంది.

అప్పుడు బావమరిది గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడి, తన ప్యాంటు జేబుని బయటికి లాగాడు. ప్యాంటు నల్లది. జేబు గుడ్డ ఆకుపచ్చగా ఉంది. దాని మీద ఆసుపత్రి గుండ్రటి ముద్ర, ముద్ర కింద 'ఆపరేషన్ గది' అన్న అక్షరాలు మాసిపోకుండా ఉన్నాయి.

"ఈ ప్యాంటు నువ్వు కుట్టిందే బావా" అన్నాడు. "పొద్దున నర్సమ్మ చెప్పింది. పోయినేడు ఒక టైలరు వచ్చాడట. డాక్టరమ్మ పొట్ట మీద గీతలు గీసి అటు తిరగ్గానే, గీత వంకరుందని చెవి వెనకనుంచి సుద్దముక్క తీసి, కుట్టుకి రెండు వేళ్ళు వదిలి తనే మళ్ళీ గీసుకున్నాడట. ఆవిడ చూసి కేకలేసి, తుడిచి మళ్ళీ గీస్తానంటే, బాత్రూంకి వెళ్ళొస్తానని చెప్పి ఒంటి మీదున్న ఆసుపత్రి ఆకుపచ్చ గౌనుతో సహా మాయమయ్యాడట. ఆపరేషను అయినవాళ్ళ గౌను ఆసుపత్రిలోనే ఉండిపోతుంది బావా. పారిపోయినవాళ్ళ గౌనే ఇంటికొస్తుంది."

బావ చెయ్యి పొట్ట మీంచి మెల్లగా జారింది. చెయ్యి తీయగానే చొక్కా ఒకసారి బరువుగా కిందికి దిగింది.

"మంచి గుడ్డరా. పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ జేబుని మళ్ళీ లోపలికి తోస్తూ, "అన్నీ తెలిసే నా చేత ఇంతసేపు వాగించావా?" అన్నాడు.

"నిన్ను నవ్వులపాలు చేయడానికి కాదు బావా. నాకు చచ్చేంత భయంగా ఉంది. చుట్టూ కోయించుకోవడమే నాకు సరిపోతుందని డాక్టరమ్మ అంది, నేనూ సరేననుకున్నాను. ఈ ఒరుపుతో ఇంకో ఎండాకాలం గడపలేను. కానీ రేపు ఆ గీతలు గీశాక నాకూ కాళ్ళు గుమ్మం కేసి లాగుతాయి, నాకు తెలుసు. ఆ ఆసుపత్రిలోంచి ఎవరికీ కనపడకుండా ఎటు పారిపోవచ్చో తెలిసినవాడివి నువ్వొక్కడివే. రేపు వచ్చి ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడు."

బావ చల్లారిన టీ గ్లాసుని పక్కకి జరిపాడు.

"బట్టలుతికే గది పక్కన వెనక గుమ్మం. తలుపు పట్టేస్తుంది, భుజంతో తొయ్యాలి" అన్నాడు. "వస్తానురా. నిలబడతాను."

టీ అక్క అతని చల్లటి టీ పారబోసి, వేడిది పోసి ముందు పెట్టింది.

"నిలబడితే లోపలి పక్క నిలబడు బావా" అంది. "బయటి పక్క నిలబడితే నువ్వు మళ్ళీ ఇక్కడే తేలతావు."