బోర్లించిన కుండ

చివ్వెంల నుంచి సూర్యాపేట పోయే బస్సులో, ఎం.ఏ. తెలుగు ఎంట్రెన్స్ రాయబోయే కూతురు గైడు చదివి వినిపిస్తోంది. పక్కన తల్లి, బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేయడమే తప్ప చదువెరగని మనిషి.

"పరీక్షకిచ్చిన నవలల వీరమ్మ అనేటామె కరువుకు ఊరిడిసి పోతదమ్మా. పోయే ముందు అన్నం కుండ తోమి బోర్లిస్తది. ఆ కుండ దేనికి గుర్తని అడుగుతరు."

"దేనికంట?"

"సచ్చిపోయిన ఆశకంట. గైడుల ఉన్నది."

"ఆ గైడు రాసినాయన ఎన్నడన్న కుండ తోమిండా బిడ్డా?"

"ఏమో. ఎందుకే?"

"మళ్ళ రానిదైతే ఎట్లున్న కుండను అట్లనే ఇడిసిపెట్టి పోతది. బల్లి పడొద్దు, దుమ్ము పడొద్దని బోర్లించిందంటే, మళ్ళొచ్చి గా కుండలనే వండుకుంటననే కదా!"

కూతురు గబగబా గైడులో ఆఖరి పేజీ తిప్పింది.

"అమ్మా, ఆఖరికి ఆమె నిజంగనే తిరిగొస్తదే! ఎందుకొచ్చిందో తెల్వదు, ముగింపు అతకలేదని గూడ గీ గైడుల రాసిండ్రు."

"ఎందుకతకదు? కుండ బోర్లించిననాడే చెప్పి పాయె."

కూతురు గైడును సంచిలో పడేసి నవల తీసింది.

"మొదటి నుంచి చదువుత. నువ్వు చెప్పు."