త్రివేణి కొనిచ్చిన సైకిల్

అది కాదు వదినా, ముందు తలుపు వేసి కూర్చో. కాఫీ తర్వాత ఇస్తాను. త్రివేణి ఆఫీస్ నుంచి వచ్చేలోగా ఈ సంగతి తేలాలి.

నన్ను సైకిల్ ఎక్కించింది ఎవరు? నా కూతురే కదా. మోకాళ్ళు అరిగిపోతాయమ్మా, నడక తగ్గించు, సైకిల్ అయితే కాళ్ళ మీద బరువు పడదు అంది. డాక్టరుదీ అదే పాట. మూడు చక్రాలది, వెనక బుట్ట ఉన్నది కొనుక్కొచ్చింది. హ్యాండిల్‌కి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి... హారతి పట్టింది నువ్వే కదా?

బాగుంటుంది, కాదనను. ఈ చాండ్లర్ ఎడారి ఎండల్లో ఆ కాస్త గాలి మొహానికి తగిలితే ప్రాణం లేచొస్తుంది. నడిస్తే ఏముంది, చెమటలు.

కానీ నడిస్తే దారి గుర్తుండేది వదినా. ఇక్కడ ఇళ్ళన్నీ ఒకే ఇసక రంగు. కాలవ గట్టున వంగిన జెముడు చెట్టు, నీలం పోస్టు డబ్బా, కుక్క మొరిగే గేటు... ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ వచ్చేదాన్ని. సైకిల్ మీద అవన్నీ మొహం చూపించి వెనక్కి పోతాయి. ఇదేమిటో తలుచుకునేలోపే దాటిపోతాను.

ఆ మాట త్రివేణితో అనమంటావా? బాగానే ఉంది. పోయిన నెల స్టవ్ మీద పాలు మర్చిపోయినందుకే, "ఇంకోసారి ఇలా అయితే నిన్ను ఒంటరిగా గడప దాటనివ్వనమ్మా" అంది. అరిచి కాదు, ఏడుస్తూ అంది. అదే నా భయం.

ఎందుకు పిలిచానా? చెబుతున్నా. నవ్వకు.

పొద్దున లైబ్రరీకి వెళ్ళాను. పుస్తకాలు ఇచ్చేసి, కాలవ గట్టున నడుచుకుంటూ వచ్చేశాను. మోకాలు కలుక్కుమనలేదు. చూశావా, నడకే మంచిదని నాలో నేనే మురిసిపోయాను. ఎదురొచ్చినవాళ్ళందరూ నన్ను చూసి నవ్వారు. ఎంత మంచివాళ్ళో అనుకుని నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి దీపం పెడదామని వంగితే, దేవుడి అలమరకి ఠక్కున ఏదో కొట్టుకుంది. చెయ్యి పెట్టి చూసుకుంటే తల మీద హెల్మెట్.

అలా చూడకు వదినా. కార్ తాళాలు తెచ్చావా? పద, సైకిల్ లైబ్రరీ దగ్గరే ఉంటుంది. అక్కడే అనుకుంటా. మధ్యలో కూరల కొట్టు దగ్గర దిగానేమో, పార్కులో ఆగానేమో...

కార్ మెల్లగా నడుపు. మనిషి నడిచినంత మెల్లగా. నేను గుర్తుపట్టాలి కదా.