ముత్తాత కట్టిన రాగం

సిరిసిల్లలో వరి కోతకు మిషన్లు వచ్చాయి గానీ, మాటల కోతకు ఇప్పటికీ దేవదాసే దిక్కు. వారమంతా సాంచాల షెడ్డులో మరమగ్గం మీద బట్ట నేస్తాడు, ఆదివారం చర్చిలో పాట పాడతాడు, మిగిలిన టైమంతా లచ్చవ్వ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని కోస్తాడు.

ఆ రోజు మాత్రం ఊరికే కోయడానికి కూర్చోలేదు. వచ్చే ఆదివారం జగిత్యాలలో చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ కలుస్తున్నాయి. పాతకాలపు ఇంగ్లిష్ రాగం కీర్తన ఒకటి ఎవరో ఒకరు పాడాలి. ఎవరన్నది తేల్చేవాడు కోరుట్ల సంఘపెద్ద సంపత్. కథలాపూర్ నుంచి మనోహర్ అనే పిల్లగాడు కీబోర్డుతో సహా తయారుగా ఉన్నాడు. దేవదాసుకేమో ఊపిరి తగ్గుతోంది. ఈసారి పిలవకపోతే ఇంకెప్పుడూ పిలవరని భయం పట్టుకుంది. ఆ సంపతే ఇప్పుడు ఎదురుగా చాయ్ ఊదుకుంటున్నాడు.

"పుస్తకంల పాట మీద రెండు పేర్లుంటయి సారూ, నీకు తెల్వంది గాదు," అని మొదలుపెట్టాడు దేవదాసు. "ఎడమ దిక్కు మాట రాసినోళ్లది, కుడి దిక్కు రాగం కట్టినోళ్లది. అమెరికాల గా కాలంల గట్లనే గదా, ఒకలు రాసుడు, ఇంకొకలు కట్టుడు. గీ పాటకు కుడి దిక్కు ఎవలి పేరుండాలెనో తెలుసా?"

"ఎవలిది కాకా?"

"మా ముత్తాతది."

లచ్చవ్వ గిన్నెలో గరిటె ఆపింది. "నీళ్లు తాగి చెప్పు తమ్మీ."

"నీళ్ల కాడికే అస్తున్నక్కా! మా ముత్తాత పెద్దగ ఏం చెయ్యలే. ఒక తెల్లదొరకు చెంబెడు మంచినీళ్లిచ్చిండు, అంతే. గా దొర పాటలు రాసేటోడు. పొద్దుగాల లేస్తే పాట, బువ్వ తింటె పాట. మాటలు కుప్పలు, రాగం మాత్రం ఒక్కటి దొరకది. గా రాగం కోసం ఓడెక్కిండు, రైలెక్కిండు, ఎడ్లబండెక్కిండు, ఆఖరికి మా ఇంటి ముంగట దిగిండు. లోపట ముత్తాత గుంటమగ్గం నేస్తున్నడు. ఎడమ కాలు తొక్కినప్పుడల్లా పాట ఎత్తుకునుడు, టక్కున కుడి కాలు. దొర చేతుల చెంబు చేతులనే ఉన్నది, కండ్లకెల్లి నీళ్లు కారవట్టినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీళ్లు తాగిండా లేదా?" అన్నాడు పక్కన బీడీ వెలిగిస్తున్న సమ్మయ్య. అతనిదీ దేవదాసుదీ ఒకే షెడ్డు.

"యాడ తాగుతడు! మూడొద్దులు గుంట పక్కన్నే కూసున్నడు. రాగం కాయితం మీదికి ఎక్కించుకొని అమెరికా పోయిండు. అక్కడ పెద్ద డేరా ఏసి పాడిపిస్తే పదివేల మంది గొంతు కలిపిండ్రు. డేరా గుంజలు ఊడి ఆకాశానికి లేసింది. అయినా పాట ఆపలే! గా సప్పుడు సముద్రం దాటి అచ్చింది. మల్యాల కాడ కళ్లంల మక్కలు ఆరబోసినోళ్లు ఉరుమనుకొని బస్తాలకెత్తిండ్రు."

"వాన పడ్డదా?" అన్నాడు సంపత్. ముఖం మాత్రం గంభీరంగానే ఉంది.

"పడ్డది సారూ, పడక! గొల్లపల్లి చెరువు నిండి మత్తడి దుంకింది. గది గాదు అసలు సంగతి. ముత్తాత గా రాగం మీద నేసిన దుప్పటి ఒకటి దొర తీస్కపోయిండు. కప్పుకుంటే మూగోళ్లు గూడ పాడుడే. విలాయత్ రాణి ఒక్కసారి కప్పుకున్నది, పొద్దటిదాక పాట ఆపస్తలేదు. వైద్యులు అచ్చిండ్రు, ఫౌజు అచ్చింది. ఆఖరికి మా ముత్తాతకు టెలిగ్రాం కొట్టిండ్రు, 'అయ్యా, నీ మగ్గం జర ఆపు' అని. ఈయన ఇక్కడ కాలు తీసిండు, ఆమె అక్కడ నోరు మూసింది!"

సమ్మయ్య నోట్లోంచి బీడీ జారింది. సంపత్ గ్లాసు కింద పెట్టాడు.

"గా పాట ఒకసారి పాడు కాకా."

దేవదాసు కండ్లు మూసుకుని మెల్లగా ఎత్తుకున్నాడు. గొంతులో కాస్త జీర ఉంది గానీ శ్రుతి తప్పలేదు. పల్లవి ఊయలలా ఊగింది. సమ్మయ్య తల దానంతటదే ఊగింది, లచ్చవ్వ వేళ్లు బల్ల మీద ఆడాయి. చరణం కూడా పాడి ఆపాడు.

లచ్చవ్వే ముందు నోరు తెరిచింది. సాంచాలు రాకముందు ఆమె కూడా గుంటమగ్గం మీద కూర్చున్న మనిషే.

"మంచిగున్నది తమ్మీ. గని ఒక్కటి. గీ పాట మూడు దెబ్బల మీద నడుస్తున్నది. ఎత్తుకున్నప్పుడల్లా ఎడమ కాలే అంటివి. రెండోది కుడి కాలు. మూడో దెబ్బకు ఏ కాలు తొక్కిండు మీ ముత్తాత? కుడి అంటే కుడి మీద కుడి పడ్తది, ఎడమ అంటే మళ్ల ఎత్తుకునేది గూడ ఎడమనే. ఒక్క కాలే ఎంటెంట రెండుసార్లు తొక్కితే రెండు పోగులు ఒక్క సందుల్నే పడ్తయి, బట్ట నిలువది."

దేవదాసు కండువా సర్దుకున్నాడు. "ముత్తాతకు... చేతికర్ర ఉండె అక్కా. మూడోది కర్రతోని తొక్కేటోడు."

"ఒక చెయ్యి పోగు చుట్టిన నాడె ఇసరాలె, ఇంకో చెయ్యి పోగును దెబ్బెయ్యాలె. కర్ర ఎవలు పట్టిండ్రు? దొరనా?"

సమ్మయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. చాయ్ కోసం వచ్చిన వాళ్లూ నవ్వారు. దేవదాసు మాత్రం తల వంచుకున్నాడు. ఆదివారం పాట పోయిందనుకున్నాడు. ఇంత దాకా ఎందుకు కోశానురా దేవుడా అని మొదటిసారి అనిపించింది.

సంపత్ లేచి భుజం మీద చెయ్యి వేశాడు.

"మనోహర్‌ది కీబోర్డు మంచిగ మోగుతది కాకా. నువ్వు పాడుతుంటే మాత్రం నాకు మా నాయిన యాదికొచ్చిండు. ఆదివారం నువ్వే రా. గని ముత్తాతను బస్సు ఎక్కియ్యకు."

దేవదాసుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కండువాతో తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కియ్య సారూ, ఒట్టు," అన్నాడు. "ముసలోడు ఎట్లాగూ నడిచే వస్తడు."