రెండో వాన

ఘనా ఉత్తరాన, సవెలుగు దగ్గర ఒక పల్లె. ఆగస్టు నెలాఖరు. ఆక్రాలో తాపీపని చేసి నాలుగు నెలలకి ఇల్లు చేరిన సుమాని, భుజం మీది సంచి దించకుండానే పెళ్లాం సెర్వా మీద విరుచుకుపడ్డాడు.

“సగం! సగం చేను గడ్డి మొలిచి ఉంది. మొక్కజొన్న ఎందుకు వెయ్యలేదే?”

“ముందు మంచినీళ్లు తాగు మావా.”

“నీళ్లొద్దు. ఫోన్లో అడిగితే అంతా వేశామన్నావుగా?”

“‘వేశాం’ అన్నాను. ‘అంతా’ అనలేదు.”

“విత్తనాలు చాల్లేదా?”

“చాలాయి.”

“మరి?”

“దాచాను.”

“దేనికీ?”

“రెండో వానకి.”

“ఏ వానకీ?”

“రెండో వానకి. దక్షిణాన మా ఊళ్లో ఏటా రెండు వానకాలాలు. మార్చిలో సగం వేస్తాం, సెప్టెంబరులో సగం వేస్తాం. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే.”

“ఇది మీ ఊరా? ఇక్కడ రెండో వాన ఎక్కడిదే? ఏడాది మొత్తానికీ ఒక్కటే! ఇంకో నెలా రెండు నెలలకి అదీ కట్టేస్తుంది. ఆపైన హర్మటాన్ దుమ్ముగాలి తప్ప చుక్క పడదు!”

“రేడియోలో చెప్పారు మరి. ఈసారి రెండో వాన బాగుంటుంది, విత్తనాలు సిద్ధం చేసుకోండని.”

“ఏ రేడియో?”

“రేడియోనే.”

“ఏ భాషలో చెప్పాడు?”

“మా ట్వి భాషలో.”

“అది కుమాసీ స్టేషన్ తల్లీ! వాడు చెప్పింది దక్షిణాది వాళ్లకి!”

“మీ దగ్బానీ భాష నాకు సగమే అర్థమవుతుంది. పెళ్లయిన ఏడాదికే నన్నొదిలేసి ఆక్రా పోతివి. ఎవర్ని అడగను?”

“అమ్మని అడగొచ్చుగా!”

“అడిగాను.”

“ఏమంది?”

“రెండ్రోజులు నవ్వింది. కానీ అప్పటికే అదును దాటిపోయింది.”

“నాకు నవ్వు రావట్లేదు. ఆ సగం చేనుతో వచ్చే కోతల దాకా ఎలా లాక్కొస్తాం? ఏం తింటాం, మన్నా? అమ్మా! అమ్మా! ఏదీ అమ్మ?”

“పొలానికెళ్లింది.”

“నేనిప్పుడు పొలం మీంచేగా వచ్చాను. అక్కడ లేదు.”

“ఇంకో పొలం.”

“మనకి ఇంకో పొలం ఎక్కడుందే?”

“సంకటి చల్లారిపోతోంది. తిను.”

“మాట మార్చకు. ఆ విత్తనాలు పట్రా.”

“లేవు.”

“అమ్మేశావా?”

“లేదు. ఎజురా పంపించాను.”

“పుట్టింటికా! ఇక్కడ మేం పస్తులుంటే అక్కడ నీ తమ్ముడు పండించుకు తింటాడా?”

“వాడికి కాదు, మనకే. మా అమ్మ వాటా నేలలో రెండెకరాలు నాకిచ్చారు. అక్కడ రెండో వాన నిజంగానే వస్తుంది మావా. పోయిన వారమే మొదలైంది.”

“అంటే నన్ను ఇల్లరికం రమ్మంటున్నావా? నన్ను? ఊళ్లో మొహం ఎలా చూపించను? అమ్మకి తెలిస్తే గుండె పగిలి చస్తుంది!”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“అత్తకి తెలుసు. సోమవారం విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని ఎజురా లారీ ఎక్కింది ఆవిడే. ‘వాడొచ్చి అరుస్తాడు, అరవనీ. గొంతు పోయాక వాణ్ణీ లారీ ఎక్కించు’ అని చెప్పి మరీ వెళ్లింది.”