చింతమడుగు కొర్రమీను

వాగు వంపు తిరిగిన చోట, రెండు కొమ్మలు నీళ్ళలోకి వంచుకుని ఒక చింతచెట్టుంది చూశారా, దాని కాయ ఎవరూ కోయరు, రాలింది ఎవరూ ఏరరు, మేకల్ని తోలుకుపోయేవాళ్ళు కూడా దాన్ని చూసి అవతలి గట్టెక్కి పోతారు, ఆ చెట్టు కింద మడుగు సంగతి చెప్పబోతున్నా. చెప్పేలోపు, ఒరేయ్ వంశీ, ముందా గాలం కర్ర కింద పెట్టు. నీ పక్కవాడి చేతికివ్వమాకు. కింద పెట్టు, వాడే తీసుకుంటాడు. ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు? మీ అమ్మ పక్కింటావిడకి ఉప్పు చేతికిచ్చిద్దా? కింద పెడితే ఆవిడ తీసుకుంటది గదా, గాలం కూడా అంతే, చేతిలోంచి చేతికి పోగూడదు. ఎందుకు పోగూడదంటావా, అదే కథ. కరెంటు వచ్చేదాకా ఆ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని కూర్చోండి.

ఇంత మెరిసే కర్ర కొన్నావు, దానికో చక్రం, చక్రానికి దారం, కొసన రబ్బరు కప్ప. బాగానే ఉంది, కాదన్ను. పొద్దుటినించీ చెరువుకాడ నిలబడి ఏం తెచ్చావయ్యా అంటే ఒక జెల్లపిల్ల, దాన్ని మా పిల్లి కూడా వాసన చూసి వదిలేసింది. ఎందుకు పడతయ్యిరా నీకు? ఎండని వీపున పెట్టుకుని నిలబడ్డావు, నీ నీడంతా నీళ్ళమీద పడి ఉంది, పైగా ఆ బూట్లేసుకుని గట్టుమీద దబదబా తిరిగావు, నువ్వొచ్చావని చెరువులో చేపలన్నిటికీ చాటింపేసినట్టయింది. నేను చెప్పబోతే, తాతా ఇప్పుడు పద్ధతులు మారాయి అన్నావు. పద్ధతులు మారితే మారనీ, చేప మారిందా?

కొర్రమీను పట్టాలంటే ముందు చెప్పులిప్పాలి. ఎండకి ఎదురుగా కూర్చోవాలి, కళ్ళు మండినా సరే. గుర్రపుడెక్క ఉన్న అంచున చూస్తా ఉండాలి, అది గాలి పీల్చుకోడానికి పైకొచ్చి బుడుంగుమని మునిగిద్ది, మునిగిన చోట వేశావా, బెదిరి పోయిద్ది. దాన్ని దాటించి అవతల వేసి, కప్ప పారిపోతందేమో అన్నట్టుగా నెమ్మదిగా దాని ముందునించి లాక్కురావాలి. అప్పుడందుకునిద్ది. అందుకోగానే మీరేం చేస్తారు? లాగుతారు. అక్కడే మునిగేది మీ కొంప. అది ముందు పళ్ళతో పట్టుకునిద్దిరా, మింగదు, పట్టుకుని ఓ మూలకి పోయి అప్పుడు మింగుద్ది, అందాకా దారం వదులుతా నోరుమూసుకుని ఊరుకోవాలి. ఆ ఊరుకోడం ఉంది చూడు, అది అందరికీ చేతనయ్యేది గాదు. మా నాయనకి చేతనయ్యేది. ఆయన తర్వాత మా అక్క సుబ్బరత్తమ్మకి చేతనయ్యేది. నాకు ఈ పూటకీ చేతగాదు.

ఇక అప్పట్లో ఆ మడుగుకాడ ఉన్న దెయ్యమెవరంటే, గాలాల చలమయ్యని, నేను పుట్టకముందు మనిషి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఉన్న యావంతా గాలం మీదే. ఆ మడుగులో ఒక పెద్ద కొర్రమీనుందని, దాన్ని పట్టి తీరాలని ఎండాకాలమంతా అక్కడే కూర్చునేవాడంట, కూర్చుని కూర్చుని ఒక మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తగిలి, గాలం చేతిలో ఉండగానే పోయాడు. చెట్టుకింద వడదెబ్బేందని అడగమాకండి, నీడలో ఉండేది చేప, వాడు దానికి ఎదురుగా ఎండలో కూర్చున్నాడు.

వాడికి బతికున్నప్పుడే ఇంకో రోగం ఉంది, ఎవడు గాలమేసినా వెనక నిలబడి సలహాలు చెప్పడం. చచ్చాకయినా ఆ రోగం పోవాలా వద్దా? పోలా. మిట్టమధ్యాహ్నం పూట ఆ చెట్టుకింద ఎవరు గాలమేసినా వెనకనుంచి మొదలు పెట్టేవాడు, నీడ జరుపుకో అనేవాడు, కప్పని వీపు తోలుకి గుచ్చు నడుముకి గుచ్చితే చచ్చిపోయిద్ది అనేవాడు, ఇంకాస్త ఎడమకి వెయ్యి అనేవాడు. చెప్పేవన్నీ నిజాలే, అదే ఖర్మ. నిజాలు చెపుతాడు గదా అని మనిషి వింటానికి అలవాటు పడతాడు, తీరా చేప కప్పనందుకున్నాక, తనకి పడంది ఇంకోడికి పడితే ఓర్వలేక, చెవిలో "లాగెయ్!" అని అరిచేవాడు. ఎవడాగుతాడు? లాగుతాడు. కొసన కాలు తెగిన కప్ప వచ్చిద్ది. అందుకని పెద్దవాళ్ళు, అక్కడికి పోవద్దు, పోయినా వెనక్కి చూడొద్దు, బదులు పలకొద్దు అని చెప్పేవాళ్ళు. గాలం చేతికివ్వగూడదన్న సంగతి అందరికీ తెలిసిందే గదా అని ప్రత్యేకంగా ఎవరూ చెప్పలా.

ఒక ఏడు వైశాఖంలో మా బావ అంకమ్మరావుకి విషజ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ నోటికి ఏదీ సయించడంలా. జావ కాచిస్తే మొహం తిప్పేసేవాడు, మజ్జిగన్నం పెడితే కక్కేవాడు, బత్తాయి రసం పిండిస్తే గ్లాసు పక్కన పెట్టి ఈగలకి వదిలేసేవాడు. మనిషి మంచంలో ఉన్నాడా లేడా అని దుప్పటెత్తి చూడాల్సొచ్చేది. డాక్టరేమో, నా మందు అయిపోయింది, ఇక తిండే మందు, తినకపోతే మాత్రం మనిషి దక్కడు అని చెప్పి చేతులు కడుక్కున్నాడు. మా అక్క బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఏడ్చి, ఏం తింటావో చెప్పి చావమంటే, అప్పుడు కళ్ళు తెరిచి, కొర్రమీను పులుసైతే రెండు ముద్దలు తింటానేమో అన్నాడంట.

వైశాఖంలో కొర్రమీనెక్కడిది? చెరువు నెర్రెలు తీసి ఉంది. తట్టలో చేపలు తెచ్చే మనిషి ఎండలకి భయపడి రావడం మానేసింది. ఊరి చుట్టుపక్కల నీళ్ళంటూ ఉన్నది ఒక్క చింతమడుగులోనే. నేను పోతానక్కా అన్నా. నీకు ఊరుకోడం చేతగాదు, నువ్వు పోతే ఉన్న చేప కూడా బెదిరి పోయిద్ది అంతే అని, కుడితి గోలెం కింద తడిలో ఉండే చిరుకప్పల్ని పట్టి ముంతలో వేసుకుని, నాయన వెదురు గాలం తీసుకుని తనే పోయింది.

పొద్దున వేసింది, పడలా. సాయంత్రం వేసింది, పడలా. ఎండ ముదిరితేనే కొర్రమీను లోతు వదిలి చెట్టునీడకి చేరుద్దని మా అక్కకి తెలుసు, ఆ వేళకి అక్కడ ఎవరుంటారో కూడా తెలుసు. తెలిసే పోయింది. ఇంట్లో మొగుడు అట్టా పడుంటే దెయ్యానికి భయపడతా కూర్చుంటదా?

పోయి ఎండకెదురుగా కూర్చుంటే, వెనక మొదలయిందంట. నీడ జరుపుకో అమ్మాయ్. ఇది జరుపుకుంది, బదులు పలకలా. అవతల వెయ్యమ్మాయ్. వేసింది. నీళ్ళలో బుడుంగుమంది, దారం బిగిసింది, మా అక్క ఊపిరి బిగబట్టి దారం వదులుతా ఉంటే, చెవి పక్కనే "లాగెయ్!" అని అరుపు. అంతటి మా అక్క కూడా అదిరిపడి లాగేసింది. ఏముంది, వట్టి గాలం. ఇంటికొస్తే బావ కళ్ళు దాని చేతుల వంకే చూశాయంట, చూసి గోడవైపుకి తిరిగాడు. ఆ చూపుకి నాకు కడుపు మండిపోయిందిరా తమ్ముడూ అంది.

మర్నాడూ అంతే. చెవుల్లో దూది పెట్టుకుని పోయింది, దూది దెయ్యాన్నాపిద్దా? పెద్ద కొర్రమీను, తల కనపడింది, ఇంతలావు, అందుకుంది, వీడు అరిచాడు, పోయింది. ఆ రోజు బావ మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. మూడోసారి పోయేటప్పటికి ముంతలో ఒక్క కప్పే మిగిలింది, గోలెం కింద తడి కూడా ఆరిపోయింది. అప్పుడు కూడా వెనకనుంచి వాడు తీరిగ్గా, కప్పని అట్టా కాదమ్మాయ్ ఇట్టా గుచ్చాలి, కర్ర అట్టా కాదు ఇట్టా పట్టుకోవాలి అని మొదలు పెట్టాడు.

మనిషన్నాక ఎంతకని ఓర్చుకుంటది? మీరైతే ఓర్చుకుంటారా? మా అక్కకి ఒళ్ళు తెలియని కోపమొచ్చింది. నీ సలహాలు తగలబడ, అక్కడ నా మొగుడు చచ్చిపోతున్నాడురా, అంత చేతనైనోడివైతే నువ్వే పట్టు అని, వెనక్కి చూడకుండానే, గాలాన్ని భుజం మీదుగా వెనక్కి చాపింది.

కింద పెట్టాల్సింది. నేలమీద పడేసినా సరిపోయేది. చేతికిచ్చింది.

ఓ చెయ్యొచ్చి అందుకుంది. చల్లగా ఉందా అక్కా అని అడిగా నేను. చల్లగా ఏంట్రా, ఎండలో కాలిన బండలాగా ఉంది అంది.  నోరు మూయని ఆ చలమయ్య అప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడలా, దారం పోతానే ఉంది, పోతానే ఉంది, ఆగింది, అప్పుడు ఒక్కటే ఊపు. మోచేయంత కొర్రమీను గట్టుమీద పడి కొట్టుకుంటంది. వెనకనుంచి గాలం తిరిగి మా అక్క చేతిలోకొచ్చింది, అదీ చేతికే వచ్చింది. హమ్మయ్య అన్న మాట వినపడిందంట. ఇక ఆ రోజు నుంచి చలమయ్య గొంతు ఎవరూ వినలా. వాడి యావ తీరింది, పోయాడు.

అక్క ఆ చేపని కొంగులో చుట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చి, బూడిదతో రుద్ది, కుండలో పులుసు పెట్టింది. ఆ వాసనకి బావ మంచంమీద లేచి కూర్చున్నాడు. నేను చూశాను, నా కళ్ళారా చూశాను, రెండు ముద్దలన్నవాడు కంచం ఖాళీ చేసి, ఇంకాస్త పులుసు పొయ్యమన్నాడు. మా అక్క నవ్వుతా ఏడ్చింది. బావ దక్కాడు. నాలుగు రోజులకి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు, తర్వాత కర్ర కూడా అక్కర్లేకపోయింది. అక్కడికి కథ అయిపోయిందనుకున్నాం మేమందరం.

ఒకరోజు మధ్యాహ్నం మా అక్క బావకి అన్నం పెట్టి, కూర వడ్డించబోతా గరిట అట్టాగే పట్టుకుని ఆగిపోయింది.  గరిట కింద పెట్టి, గాలం తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడూ పోయింది. పొయ్యిమీద ఎసరు మరుగుతా ఉంటే పోయింది, ఇంటికి చుట్టాలొస్తే పోయింది. తాళమేస్తే గోడ దూకింది. చెట్టు కింద పూజ చేయించాం, తాయెత్తు కట్టించాం, నేను రెండు చెంపలూ వాయించాను కూడా, మా అక్కనేరా, నాకంటే పెద్దదాన్ని. అది నా వంక చూసి, అడుగుల చప్పుడు చెయ్యమాకు అంది. ఆ గాలం విరిచి పొయ్యిలో పెట్టాను, వెదురు కొట్టుకొచ్చి ఇంకోటి చేసుకుంది. చేతిలోంచి చేతికి గాలమొక్కటే పోదురా, యావ కూడా పోయిద్ది. చలమయ్యది తీరిపోయింది, ఇది తెచ్చుకుంది.

అప్పుడు బావ పోయాడు దాని దగ్గరికి. నేను వెనకే ఉన్నా. బావ ఎండలో దాని పక్కన కూర్చుని, మెల్లగా, నా కోసం పట్టావు, నేను తిన్నాను, లేచాను, ఇదిగో కూర్చున్నాను చూడు, ఇంక ఎవరికోసమే సుబ్బరత్తం అన్నాడు. అది నీళ్ళమీంచి కళ్ళు తిప్పలా.

"ఇంకోటుంది," అంది.

 అప్పటినుంచి బావే వండి, మధ్యాహ్నానికి క్యారేజీ కట్టుకుని మడుగు దగ్గరికి పోయేవాడు. అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేవాడు. తినేది. ఎవరు పెడతన్నారో తిరిగి చూసేది కాదు. జనం నవ్వారు, పెళ్ళానికి ముద్దలు తినిపిస్తన్నాడని. ఏడవాల్సింది పోయి నవ్వారు. ఏళ్ళకేళ్ళు అట్టా తినిపించాడు, ఒకరోజు ముద్ద నోటి దగ్గర పెడితే అది నోరు తెరవలా. ఎంతసేపటికీ తెరవలా. బావ ఆ ముద్ద చేతిలో పట్టుకునే ఇంటికొచ్చి, మీ అక్క అన్నం తినట్లేదురా అని నాకు చెప్పాడు.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఆ చెట్టుకింద ఉండేది మా అక్క. భయపడాల్సిందేం లేదు, మిమ్మల్ని ఏమీ చెయ్యదు, పక్కన గాలం వేస్తే చక్కగా, ఓపిగ్గా చెపుద్ది, చెప్పేవన్నీ నిజాలే. విని, మంచిది తల్లీ అని నోట్లో అనుకుని, గాలం చుట్టుకుని ఇంటికొచ్చే రకం మీలో ఒక్కడున్నాడా? లేడు. పద్ధతులు మారాయని విసుక్కుని, నువ్వే పట్టమని గాలం చాపే రకాలు మీరు. అందుకని అటు పోవద్దంటున్నా. చేప తినాలనిపిస్తే బజారుకెళ్ళి కొనుక్కు తినండి, మంచంలో పడ్డవాడు అడిగినా సరే, ముందు బజారుకే పోండి.