కొండలో కలిసిపోయే హోటలు

నాన్న పెట్టిన ఆర్కిటెక్టు ఆఫీసులో అక్కా తమ్ముడూ ఇద్దరే ఉన్నారు. మధ్య బల్ల మీద అట్టతో చేసిన కొండ, దాని కింద నీలం కాగితపు సముద్రం.

“అది కాదురా, డిజైనంతా నాదేనని హోటలు ఓనరుతో ఎందుకు చెప్పావు?”

“నీదేగా అక్కా.”

“నేను గీసింది మెట్లు. అంతే. గదులన్నీ కొండలోకి తొలిచి, పైన గడ్డి పెంచి, పడవలోంచి చూసినా అక్కడో హోటలుందని తెలీకుండా చేసింది నువ్వు.”

“ఐడియా నీదే కదా, ఐడియా...”

“నాన్న పోయాక ఇన్నేళ్లలో ఈ ఆఫీసు బోర్డు మీద నా పేరు రాయించడానికే నీకు మనసొప్పలేదు. ఇప్పుడేంటి, మా అక్క, మా అక్క అని ఊరంతా మోసేస్తున్నావట?”

“మెచ్చుకున్నా తప్పేనా? టీ తాగుతావా?”

“మాట మార్చకు. నన్నొక్కసారి కూడా కొండకి ఎందుకు తీసుకెళ్లలేదు?”

“నీకు మోకాళ్ల నొప్పులని...”

“నాకు మోకాళ్ల నొప్పులేంట్రా!”

“ఏమో, అన్నట్టు గుర్తు.”

“నిన్న వెళ్లొచ్చాను.”

“ఎక్కడికి?”

“కొండకే.”

“ఒక్కదానివేనా? నాతో చెప్తే నేను తీసుకెళ్లేవాణ్ణిగా.”

“చెట్లన్నీ సముద్రం వైపు ఒరిగిపోయి ఉన్నాయి.”

“గాలికి. సముద్రపు గాలికక్కా.”

“సముద్రపు గాలికైతే కొండ వైపు వాలాలి. పైగా బాట మీద నా చెయ్యి దూరేంత పగులు. కొండ జారుతోందిరా.”

“కొంచెం. వానలప్పుడు, కొంచెం.”

“అంటే తెలుసా నీకు?”

“ఏ కొండైనా అంతేనక్కా.”

“తెలిసి తెలిసి ఆ గదులన్నీ దాని కడుపులో పెట్టావా? మనుషులు పడుకుంటారక్కడ!”

“అరవకక్కా, కింద షాపువాళ్లు వింటారు.”

“విననీ. ఓనరుకి చెప్పావా లేదా?”

“చెప్పాను. ఒట్టు, మొదట్లోనే చెప్పాను.”

“మరి ఆయనేమన్నాడు?”

“ఏమీ అనలేదు. రేపేదైనా అయితే ఎవరి పేరు బయటికొస్తుందని మాత్రం అడిగాడు.”

“ఓహో. అందుకా నా మీద ఇంత ప్రేమ!”

“అక్కా, అలా కాదు...”

“ఎలా అయినా సరే. నేను సంతకం పెట్టందే ఆ ప్లాను ఈ గది దాటదు. నేను పెట్టను.”

“పెట్టేశావక్కా, నీ మెట్ల కాగితాలతో పాటే. పోయిన వారమే పంపించేశాను.”