ఓడ గదిలో పై మంచం ఎవరికి

మా అన్నయ్య మాటల్లో నిజం ఎక్కడ ఆగి కోత ఎక్కడ మొదలవుతుందో అతనికే తెలియదు. అయినా అతను చెప్పినవన్నీ నేను గుర్తు పెట్టుకుంటాను. ఇంట్లో ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా. ఇది మాత్రం మొన్న శనివారం సాయంత్రం నా కళ్లముందే జరిగింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అన్నయ్య దర్జీ. మా ఇంటి ముందు గదే అతని షాపు. పోయిన ఏడాది ఒక ప్రయాణికుల ఓడకి పరుపుల తొడుగులన్నీ అతనే కుట్టాడు. పని నచ్చి ఆ ఓడ వాళ్లు అయిదు రోజుల ప్రయాణానికి రమ్మని నలుగురికి ఒక గది ఇచ్చారు. దేవుడి దయవల్ల ఇంట్లో సరిగ్గా నలుగురమే ఉన్నాం, అమ్మ, అన్నయ్య, వదిన, నేను. గదిలో కింద రెండు మంచాలు, వాటి పైన గోడకి మడిచిపెట్టి కావాలంటే కిందికి వాల్చుకునే మంచాలు రెండు. కిందవి రెండూ కలిపి వేయాలా విడిగా వేయాలా, పైన ఎవరు, కింద ఎవరు, అంతా ఫోనుకి వచ్చిన ఫారంలో నింపి ఆ రోజు ఆరు లోపల పంపమన్నారు. ఫోను నా చేతిలో ఉంది. అప్పటికి అయిదు దాటింది.

అమ్మ పొద్దున్నుంచీ ఒకటే పాట. "మీరు ముగ్గురూ వెళ్లిరండి. నేనొస్తే నాకొక కింద మంచం ఇవ్వాలి, మీలో ఇద్దరు పైన వేలాడాలి. నేను రాకపోతే ఒక్కళ్లు ఎక్కితే సరిపోతుంది. నేనిక్కడ దేవుణ్ణి తలుచుకుంటూ హాయిగా ఉంటాను."

డెబ్భై నాలుగేళ్ల మనిషి. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడడం తప్ప దాని మీదికి వెళ్లింది లేదు. వదిన బతిమాలింది, నేను బతిమాలాను. బతిమాలేకొద్దీ బిగుసుకుంటుంది, అది అమ్మ తత్వం. ఆమెను ఇంట్లో వదిలేసి అయిదు రోజులు మేము తిరిగొస్తే అక్కడ తినే ముద్ద మాకు సయించదు. అన్నయ్య మాత్రం బతిమాలలేదు. మెడలో టేపు సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

వినడానికి ఇద్దరున్నారు. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చిన బ్యాంకు గుమాస్తా, టీ వేళకి తప్పకుండా మా బల్ల మీద కూలబడే పోస్ట్‌మాన్. వదిన మూల కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతోంది. అమ్మ గుమ్మం పక్కన కుర్చీలో ఉంది.

"ఓడ గదుల సంగతి నన్నడగండి," అన్నాడు అన్నయ్య. "పోయినేడు పరుపుల కొలతలకి వెళ్లానా, ఒక గదిలో ఒక కుటుంబం, నాలుగు మంచాలు, నలుగురు మనుషులు, ఎవరెక్కడ పడుకోవాలో తేలక ఒకటే తగువు. నేను టేపు తీశాను. పావుగంటలో తేల్చేశాను. అంతే, పెద్ద విషయమేం కాదు."

"అంతేనా?" అన్నాడు గుమాస్తా.

అలా అడక్కూడదు. అడిగాడు.

"అంతేనా అంటే అంతే కాదు. మనిషి నిలబడ్డ కొలత వేరు, పడుకున్న కొలత వేరు. చొక్కాకి లూజు వదిలినట్టు నిద్రకీ లూజు వదలాలి. ఆ ఇంటాయన పక్కకి తిరిగితే జానెడు, కలొస్తే మూరెడు, వాళ్లావిడతో కలలో పోట్లాడితే బారెడు. అన్నీ కలిపి చూసుకుంటే గది నాలుగంగుళాలు తక్కువొచ్చింది. ఏం చేశాననుకుంటున్నారు? గోడ కుట్టు విప్పి నాలుగంగుళాలు వదిలాను."

"ఓడ గోడ ఇనుముది కదా," అన్నాడు పోస్ట్‌మాన్.

"ఇనుమే. అందుకే సూది రెండుసార్లు విరిగింది. పక్కగది వాళ్లకి నాలుగంగుళాలు తగ్గింది, పాపం ఆ గదిలో లావుపాటాయన ప్రయాణమంతా నిలబడే నిద్రపోయాడు. అది వదిలేయండి. అసలు కథ ముసలమ్మగారిది."

ఇక్కడ అన్నయ్య అమ్మవైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అతను పడ్డ కష్టం మాత్రం నేను చూశాను.

"ఆ ఇంటి పెద్దావిడ మంచం వద్దంది. నేను దిగిపోతాను, మీరు హాయిగా ఉండండి అంది. ఎంత చెప్పినా వినదు. సరే మీ ఇష్టం అని చెయ్యి పట్టుకుని దింపారు. ఆవిడ కాలు అలా ఒడ్డు మీద పెట్టిందో లేదో ఏమైందో తెలుసా? ఓడ పక్కకి ఒరిగిపోయింది. పన్నెండంతస్తుల ఓడ. భోజనాల గదిలో పళ్లాలన్నీ ఒక మూలకి జారిపోయాయి. వంటవాడు వాటి వెనక జారాడు. కెప్టెన్ టోపీ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, ఎవరయ్యా మంచాలు మార్చింది అని ఒకటే కేకలు."

"ఆవిడ అంత బరువా?"

"నలభై రెండు కిలోలు. నేనే కొలిచాను."

"టేపుతోనా?" అన్నాడు గుమాస్తా. "నలభై రెండు కిలోలకి పన్నెండంతస్తులు ఒరిగాయా?"

"బరువు కాదు బాబూ, కుదురు. ఇంటికి కుదురు ఎక్కడుంటుందో ఓడకీ అక్కడే ఉంటుంది. ఆవిణ్ణి తీసుకొచ్చి కింది మంచం మీద కూర్చోబెట్టాం. అంతే, ఓడ నిటారుగా నిలబడింది. ఒక్క కాఫీ కప్పు తొణకలేదు."

అమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

"ఆ తర్వాత కెప్టెన్ నన్ను వదిలితేనా? మాస్టారూ, చుక్కాని కూడా మీరే చూడండి అన్నాడు. చుక్కాని ఎందుకయ్యా, పెద్దావిడ ఉందిగా అన్నాను. ఆవిడ ఎడమకి ఒత్తిగిలితే ఓడ ఎడమకి తిరిగేది, కుడికి ఒత్తిగిలితే కుడికి. మధ్యలో ఒకసారి ఆవిడకి దగ్గొచ్చింది, ఓడ వెనక్కి నడిచింది."

"ఆగండాగండి," అన్నాడు పోస్ట్‌మాన్. "మీరు కొలతలకి వెళ్లింది పొద్దున. మధ్యాహ్నం రెండింటికి మీ చేతికి నేనే ఉత్తరం ఇచ్చాను. ఈ ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు తిరిగొచ్చింది?"

"అదే చెప్తున్నా. ఎందుకంత త్వరగా వచ్చిందో తెలుసుకోవద్దూ? నడి సముద్రంలో తుఫాను. ఒక్కో అల ఈ ఇంటికి రెండింతలు. జనం దేవుడా దేవుడా అంటున్నారు. నేను అలల్ని ఒకసారి పైనుంచి కిందికి చూశాను. ఇదేముంది, పొడుగెక్కువ, అంతే కదా. మన గుమాస్తాగారి ప్యాంటు లాంటిదే. లంగరు గొలుసు దారం చేసుకున్నాను, జెండా కర్ర సూది చేసుకున్నాను, ఒక్కో అలనీ మడిచి అంచు కుట్టుకుంటూ పోయాను. కచ్చాకుట్టే వేశాను. గట్టిగా కుట్టేస్తే చేపలు తిరగడానికి ఇబ్బంది. అడ్డంగా ఉన్న అలలన్నీ మడతపడేసరికి దారి సగానికి సగం తగ్గింది. పన్నెండున్నరకి ఒడ్డున ఉన్నాం."

పోస్ట్‌మాన్ లేచి అన్నయ్య చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "సూది గుచ్చుకున్న గుర్తొక్కటి లేదే," అన్నాడు.

"అనుభవం," అన్నాడు అన్నయ్య. "ఇంతకీ ఇదంతా ఎక్కణ్ణుంచి కుట్టాననుకుంటున్నారు? పై మంచం మీద నిలబడి. నిచ్చెన లేకుండా ఎక్కాను. కిటికీలోంచి ఒంటికాలి మీద సగం బయటికి వంగి. పై మంచం అంటే నాకు నేల మీద చాపేసుకున్నట్టు. కాబట్టి చెల్లీ, పైన నా పేరు రాసేయ్. రెండు మంచాలూ నాకే ఇచ్చినా సరే, ఇటు తల, అటు కాళ్లు. కింద కుదురు కోసం ఒక పెద్దావిడ కావాలి, అది మాత్రం చూసుకోండి. లేకపోతే ఆ ఓడకి నేను పూచీ కాదు."

నేను ఫోను మీద వేలు పెట్టి అమ్మ ముఖంలోకి చూశాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"ఆ ఓడ కదిలిందట్రా?" అని అడిగింది, మెల్లగా.

"కదలకపోవడమేమిటమ్మా."

"నిన్ను ఆరోజు ఇంటికి దింపి వెళ్లాడే, ఓడలో పక్కలు వేసే ఆయన. నువ్వు కాళ్లు కడుక్కునేలోపు నాతో అంతా చెప్పాడు. ఏడాదిగా కడుపులో పెట్టుకున్నాను." అమ్మ గుమాస్తావైపు తిరిగింది. "ఓడ రేవులో కట్టేసి ఉంది నాయనా. గదిలో నరపురుగు కూడా లేదు. వీడు కొలత తీసుకుందామని పై మంచం ఎక్కాడు. నిచ్చెనకి నాలుగే నాలుగు మెట్లు. ఎక్కడం ఎక్కాడు, కిందికి చూశాడు, ఇంక దిగలేకపోయాడు. కళ్లు గట్టిగా మూసుకుని గోడని వాటేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చి చెయ్యిచ్చినా పట్టుకోడు. చివరికి ఇద్దరు కలిసి పరుపుతో సహా కిందికి దించారు."

పోస్ట్‌మాన్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు, నవ్వితే బాగుండదని. అన్నయ్య సుద్దముక్క తీసుకుని, అప్పటికే గీత గీసిన గుడ్డ మీద అదే గీత మళ్లీ గీశాడు.

"కొలత మాత్రం కరెక్టుగానే తెచ్చాను," అన్నాడు.

"తెచ్చావు. అది నేను కాదన్లేదు."

గుమాస్తా గోడ గడియారం చూశాడు. "అయిదూ నలభై అయింది. మరి పై మంచం ఎవరికి?"

"వీడికి మాత్రం కాదు," అంది అమ్మ.

"నేనూ మరదలూ ఎక్కుతాంలెండి అత్తయ్యా," అంది వదిన. "మాకేం భయం లేదు."

"మీరిద్దరూ పైకెక్కితే కింద వీడొక్కడే పడుకుంటాడా?" అమ్మ ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. "వీడు పెళ్లయ్యేదాకా మంచం మీంచి కిందపడేవాడు. గోడవైపు పడుకోబెట్టి, ఇవతల నేను అడ్డం పడుకునేదాన్ని. ఇరవై మూడేళ్లొచ్చాక కూడా."

"అమ్మా," అన్నాడు అన్నయ్య.

"పెళ్లయ్యాక కూడా," అంది వదిన, కాజా మీంచి తలెత్తకుండా. "మొన్న వానల్లో పడ్డారు. భూకంపం వచ్చిందన్నారు."

అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. పొద్దున్నుంచీ మేము ఎంత చెప్పినా కదలని మనిషి. "నేల మీదున్న మంచం మీంచే ఇలా పడుతుంటే, అటూ ఇటూ ఊగే దాంట్లో వీడి గతేంటి? కింద రెండు మంచాలూ కలిపి వేయమని రాయవే. గోడవైపు వీడు. ఇవతల నేను."

"అంటే నువ్వొస్తున్నావా అమ్మా?" అన్నాను.

"రాక ఏం చేయను? వీణ్ణి ఎవరికి అప్పజెప్పను?"

అన్నయ్య మెడలోంచి టేపు తీసి వేళ్లకి చుట్టుకుంటున్నాడు. పరువంతా పోయిన మనిషి ముఖంలా లేదు అది. పొద్దున్నుంచీ మోస్తున్న మూటేదో దించుకున్నవాడిలా ఉన్నాడు. అయినా అలవాటు ఊరుకోదు కదా.

"నేను పడనమ్మా," అన్నాడు.

"పడవు," అంది అమ్మ. "నేను ఇవతల ఉంటాగా, ఎలా పడతావు? నువ్వు రాయవే, ఆరవుతోంది."